వెయ్యి అబద్ధాలాడి దత్తతివ్వకండి

పోయిన నవంబర్ నుంచి మన కాలేజీ వాట్సాప్ గ్రూపుల్లో ఒకే రకం పోస్టులు తిరుగుతున్నాయి. ఒక కుక్క ఫోటో, పక్కన రెండు గుండె బొమ్మలు, కింద "అర్జెంట్, ఎవరైనా తీసుకోండి, చాలా ఫ్రెండ్లీ, చాలా కామ్" అని ఒక లైను. కారణం మీకు తెలిసిందే. 2025 నవంబర్ 7న సుప్రీంకోర్టు ఒక ఉత్తర్వు ఇచ్చింది. స్కూళ్ళు, కాలేజీలు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లో ఉన్న వీధికుక్కల్ని తీసేసి, ఆపరేషన్ చేయించి, టీకా వేయించి షెల్టర్లలో పెట్టాలని, మళ్ళీ తెచ్చి అక్కడే వదలకూడదని చెప్పింది. దాంతో క్యాంటీన్ వెనక పడుకునే కుక్కలకి ఇళ్ళు వెతకాలని మనలో చాలామందికి తొందర పుట్టింది. తొందర పడటంలో తప్పేమీ లేదు. ఆ పోస్టులో ఉన్న "చాలా కామ్" అనే రెండు మాటలతోనే నా గొడవ.

ఎందుకంటే ఆ రెండు మాటలు నేనూ రాశాను. నాది చిన్నప్పట్నుంచి ఇంగ్లీష్ మీడియం. తెలుగులో ఇంత పొడుగు వ్యాసం రాయడం ఇదే మొదటిసారి. భాషలో తప్పులుంటే సర్దుకోండి, విషయంలో మాత్రం ఏదీ దాచను.

పోయిన ఏడాది ఆగస్టులో నేను, మా క్లాసు వాళ్ళు ఇద్దరు ఊరి చివరున్న ఒక చిన్న షెల్టర్‌కి ఆదివారాలు వెళ్ళడం మొదలుపెట్టాం. గిన్నెలు తోమడం, అన్నం కలపడం, గదులు కడగడం మా పని. చివరి గదిలో అనకాపల్లి బెల్లం రంగులో ఒక ఆడ కుక్క ఉండేది. పేరు కూడా బెల్లమే. వయసు ఏడాదిన్నర. ఐదు వారాల పిల్లగా ఉన్నప్పుడు తల్లి లారీ కింద పడి పోతే ఎవరో తెచ్చి ఇచ్చారట. తోడబుట్టిన పిల్లలు పార్వో వచ్చి ఒక్కొక్కటే పోయాయి. దీనికి రోగం అంటకూడదని విడిగా పెట్టారు. రోజుకి రెండుసార్లు ఎవరో ఒకరు వచ్చి గిన్నె పెట్టి, నేల కడిగి వెళ్ళిపోయేవారు. మనుషులంటే దానికి తెలిసింది అంతే.

మేం వెళ్తే మొహం గోడ వైపు తిప్పుకుని కూర్చునేది. మొరిగేది కాదు, కరిచేది కాదు. నిమిరినా కదిలేది కాదు. ఎంత బుద్ధిమంతురాలో అనుకున్నాను. అరనిమిషం రీల్ తీసి, కింద "చాలా కామ్, పిల్లలున్న ఇంటికి బాగుంటుంది" అని రాశాను. ఒక్క రాత్రిలో 11 మంది మెసేజ్ పెట్టారు. ముందు ఎవరు అడిగితే వాళ్ళకే ఇచ్చేశాం. అపార్ట్‌మెంట్‌లో నాలుగో అంతస్తు, ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. చాలా మంచివాళ్ళు. కొత్త పరుపు, కొత్త గిన్నె, మెడకి చిన్న గంట కూడా కొన్నారు.

ఐదో రోజు వెనక్కి తీసుకొచ్చేశారు. సోఫా కింద దూరి మూడు రోజులు అన్నం ముట్టలేదట. లిఫ్ట్ ఎక్కించబోతే నిలబడ్డ చోటే మూత్రం పోసేసిందట. నాలుగో రోజు చిన్నబాబు బంతి కోసం సోఫా కిందకి చెయ్యి పెడితే పళ్ళు బయటపెట్టి గుర్రుమందట. చేతికి తగల్లేదు, ఆ బాబు అదృష్టం. ఆ పిల్లల తల్లి నా మీద అరవలేదు. "కామ్ అన్నారు కదమ్మా. తెలియక రాశారా, తెలిసే రాశారా?" అని మాత్రం అడిగింది. తెలియకే రాశాను. కానీ ఆ క్షణంలో ఆ మాట చెప్పడానికి కూడా నోరు రాలేదు. తెలియకపోతే రాయడం ఎందుకు?

తర్వాత కూర్చుని చదివాను. భయపడ్డ జంతువు పారిపోతుంది, లేకపోతే తిరగబడుతుంది అనుకుంటాం. మూడోది కూడా ఉంది. ఎటూ పోలేనని తెలిసినప్పుడు బిగుసుకుపోతుంది. 1967లో అమెరికాలోని పెన్సిల్వేనియా యూనివర్సిటీలో మార్టిన్ సెలిగ్మన్, స్టీవెన్ మేయర్ చేసిన ప్రయోగం సైకాలజీ పాఠాల్లో ఇప్పటికీ చెప్తారు. తప్పించుకునే వీల్లేకుండా కరెంటు షాకులు తిన్న కుక్కల్లో చాలావాటిని తర్వాత దారి ఉన్న చోట పెట్టినా, లేచి అవతలికి దూకే ప్రయత్నమే చెయ్యలేదు. పడుకుని భరించాయి. చదువుతుంటేనే కడుపులో తిప్పేసే ప్రయోగం అది. కానీ దాన్ని చదివాకే, గోడ వైపు తిరిగి కూర్చున్న బెల్లంలో నేను చూసింది బుద్ధి కాదని అర్థమైంది. నేను నిమురుతున్నప్పుడు అది నన్ను భరించింది.

ఇంకో విషయం కూడా తెలిసింది. జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే ఇద్దరు పరిశోధకులు ఏళ్ళ తరబడి కుక్కపిల్లల్ని గమనించి 1965లో ఒక పెద్ద పుస్తకం వేశారు. కుక్కపిల్ల మనుషుల్ని, చప్పుళ్ళని, కొత్త చోట్లని "ఇవి మామూలే" అని నేర్చుకునే కాలం సుమారు మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా ఉంటుందని వాళ్ళు చెప్పారు. ఆ తలుపు తర్వాత పూర్తిగా మూసుకుపోదు గానీ, తీయడానికి చాలా కష్టపడాలి. బెల్లం ఆ వారాలన్నీ ఒక సిమెంటు గదిలో ఒంటరిగా గడిపింది. అంటే దాన్ని ఎవరో కొట్టారనో, హింసించారనో కథలు అల్లుకోనక్కర్లేదు. దానికి ప్రపంచాన్ని ఎవరూ పరిచయం చెయ్యలేదు, అంతే.

ఇంత చదివాక కూడా నేను రెండో తప్పు చేశాను. తప్పు నాది కాబట్టి నేనే దిద్దుకోవాలని బెల్లాన్ని మా ఇంటికి తీసుకొచ్చాను.

మాది వన్ టౌన్. కురుపాం మార్కెట్ వెనక, స్కూటర్ పట్టేంత సందు. గోడకి గోడ ఆనుకుని ఇళ్ళు, తలుపు తీస్తే నేరుగా సందులోకే అడుగు. నాకు ఇక్కడి చప్పుళ్ళు లేకపోతే నిద్ర పట్టదు. కంసాలి సుత్తి దెబ్బలు, బురుజుపేట కనకమహాలక్ష్మి గుడి మైకు, పోర్టులో ఓడ కూత, అర్ధరాత్రి గూడ్సు పెట్టెలు గుద్దుకున్న శబ్దం. నాకు జోలపాటల్లాంటివన్నీ దానికి పిడుగులు. ఈ ముక్క దాన్ని తేకముందు ఆలోచించాలి. తెచ్చాక తెలిసింది.

మా మామ్మ మొదటి రోజే చెప్పింది, "ఏటే అమ్మా, ఇది మనిషిని చూస్తే మూలకి పోతాది. ఈ సందులో ఇదేటి బతుకుద్ది?" అని. ప్రేమగా చూసుకుంటే అదే మారుతుందని నేను వాదించాను. రోజూ పక్కన కూర్చునేదాన్ని. కళ్ళలోకి చూసి మాట్లాడేదాన్ని. తల మీద చెయ్యి వేసేదాన్ని. భయపడే కుక్కకి చెయ్యకూడనివి ఈ మూడే అని నాకు అప్పటికి తెలీదు.

అక్టోబర్ 20, దీపావళి. లోపలి గదిలో పెట్టి తలుపు వేశాం. ఎవరో స్వీట్లు ఇవ్వడానికి వచ్చారు, వీధి తలుపు తెరిచి ఉంది. అదే టైములో నేను నీళ్ళ గిన్నె పట్టుకుని గది తలుపు తీశాను. సందులో సీమటపాకాయల సరం పేలింది. బెల్లం నా కాళ్ళ మధ్యలోంచి బాణంలా పోయింది.

ఆ రాత్రి సందులో కుర్రాళ్ళంతా సాయం వచ్చారు. పదిహేను మంది ఫోన్ లైట్లు వేసుకుని "బెల్లం, బెల్లం" అని అరుస్తూ వెతికాం. రెండుసార్లు కనిపించింది. రెండుసార్లూ మమ్మల్ని చూసే ఇంకా దూరం పరిగెత్తింది. మర్నాడు షెల్టర్‌లో పనిచేసే అక్క ఫోన్‌లో తిట్టినంత పని చేసింది. "ముందు అరవడం ఆపండి. వెంట పడొద్దు. అది పడుకున్న గుడ్డ, అన్నం ఒక చోట పెట్టి దూరంగా ఉండండి" అంది. రెండో రాత్రి, రెండు సందుల అవతల కూలిపోయిన పాత బంగళాలో మెట్ల కింద దొరికింది. అక్క వచ్చేదాకా ఆగలేక నేనే చెయ్యి పెట్టి లాగాను. పన్ను గీరుకుంది. ఇంటికొచ్చి సబ్బుతో పదిహేను నిమిషాలు కడుక్కుని కేజీహెచ్‌కి వెళ్ళి ఇంజెక్షన్లు మొదలుపెట్టించుకున్నాను. దానికి టీకా వేసి ఉన్నా సరే, ఈ విషయంలో ఎవరూ ధైర్యం చెయ్యకండి. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. ఆ వారం తిరిగేసరికి మొంథా తుపాను వానలు పడ్డాయి. అప్పటికి బెల్లం షెల్టర్‌లో దాని గోడ దగ్గర ఉంది. ఆ మెట్ల కింద ఉండుంటే అని ఇప్పటికీ అనుకుంటాను.

ఆ గీత నా చేతికి కాకుండా సందులో పిల్లాడి చేతికి పడి ఉంటే ఏమయ్యేది? ముందు ఆ పిల్లాడు, వాళ్ళమ్మ పడే భయం. అది చిన్న విషయం కాదు, కుక్కల మీద ప్రేమ ఉన్నవాళ్ళం దాన్ని చిన్నది చేసి మాట్లాడకూడదు. తర్వాత బెల్లం. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు, ఆపరేషన్, టీకా అయిన కుక్కల్ని పట్టిన చోటే వదలమంటూనే, రేబిస్ ఉన్నవాటిని, దూకుడుగా ఉన్నవాటిని వదలొద్దని చెప్పింది. భయంతో కరిచిన కుక్కకీ, మీదపడి కరిచిన కుక్కకీ కాగితం మీద తేడా ఉండదు. ఒక్క తప్పు ఇల్లు చాలు, భయస్తురాలు "దూకుడు కుక్క" అయిపోవడానికి. ఆ ఉత్తర్వులోనే ఇంకో మాట ఉంది. వీధికుక్కని దత్తత తీసుకున్నవాళ్ళు అది మళ్ళీ వీధిలోకి రాకుండా చూసుకోవాలి, ఆ బాధ్యత వాళ్ళదే. అంటే దత్తత ఇచ్చేటప్పుడు మనం ఎంత తక్కువ నిజం చెప్తే, తీసుకునేవాళ్ళ నెత్తిన అంత ఎక్కువ బరువు పెడుతున్నట్టు.

అందుకే నా అభిప్రాయం ఇది. భయపడే కుక్కని ముందు అడిగినవాళ్ళకి ఇవ్వకూడదు, తెలిసినవాళ్ళకే ఇవ్వాలి. అలాంటివాళ్ళు దొరికేదాకా నెలలు పట్టినా ఆగాలి. ఆ నెలల్లో పోస్టులో నిజం రాయాలి.

ఈ మాట ఇంట్లో అంటే మామ్మ నవ్వింది. "కుక్కకి కూడా సంబంధాలు చూస్తన్నారేటి? వెయ్యి అబద్ధాలాడైనా ఓ పెళ్ళి చెయ్యమన్నారు. ఏదో ఒకటి చెప్పి ఇచ్చీండి" అంది. ఆ సామెత పెళ్ళిళ్ళకి ఎంత పనికొచ్చిందో నాకు తెలీదు గానీ, మన దత్తత పోస్టులన్నీ దాని ప్రకారమే నడుస్తున్నాయి. మన బ్రాంచి భాషలో చెప్పాలంటే, సాఫ్ట్‌వేర్ రిలీజ్ చేసేటప్పుడు కూడా ఫలానా చోట ఈ సమస్య ఉంది, జాగ్రత్త అని కింద రాస్తాం. రాయకపోతే అది వాడేవాడి చేతిలో పేలుతుంది. ప్రాణమున్న దాని విషయంలో ఆ పాటి నిజాయితీ కూడా చూపించం.

నవంబర్‌లో పోస్టు మార్చి రాశాం. "బెల్లం, ఏడాదిన్నర, ఆడ. మనుషులంటే చాలా భయం. ఇప్పుడే ముట్టుకోనివ్వదు. ఎప్పటికి ముట్టుకోనిస్తుందో చెప్పలేం. తలుపు తెరిచి ఉంటే పారిపోతుంది, ఒకసారి పారిపోయింది. చిన్నపిల్లలున్న ఇంటికి, పై అంతస్తులకి ఇవ్వం. ఇంట్లో నెమ్మదైన ఇంకో కుక్క ఉంటే మంచిది. భయపడే కుక్కని ఇదివరకు పెంచినవాళ్ళే రాయండి." రీల్ తియ్యలేదు. గోడ వైపు తిరిగి ఉన్న ఫోటోనే పెట్టాం. ఈసారి 11 మెసేజీలు రాలేదు, మూడే వచ్చాయి. మాట్లాడాక ఇద్దరు వద్దనుకున్నారు. వాళ్ళు వద్దనుకోవడం కూడా ఆ పోస్టు చేసిన మంచి పనే.

మూడో ఆయన స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరైన పెద్దాయన. గాజువాక అవతల కింది ఇల్లు, చుట్టూ ప్రహరీ, ఒక ముసలి కుక్క. మొదటి ఆదివారం వచ్చి బెల్లాన్ని చూడనే లేదు. గది బయట దానికి వీపు పెట్టి స్టూలు వేసుకుని గంటసేపు పేపర్ చదువుకున్నాడు. మధ్యమధ్యలో వెనక్కి తిరక్కుండానే ఉడికించిన చికెన్ ముక్క ఒకటి భుజం మీదుగా విసిరేవాడు. తనకి దగ్గరగా కాదు, దానికీ అవతల పడేలా. ఎందుకని అడిగితే, "తిండి కోసం నా దగ్గరకి రావాల్సి వస్తే దానికి రెండు బాధలమ్మా, ఆకలొకటి, భయమొకటి. నాకు దూరంగా పోతూ తింటే ఒక బాధ తగ్గుద్ది" అన్నాడు.

ఆయన మమ్మల్ని అడిగిన ప్రశ్నలు అంతకుముందు ఎవరూ అడగలేదు. మనం చూస్తుంటే తింటుందా, వెళ్ళాకే తింటుందా? బిగుసుకుపోయే ముందు ఏం చేస్తుంది, పెదాలు నాకుతుందా, ఆవలిస్తుందా, కళ్ళ తెల్లగుడ్డు కనబడుతుందా? వేరే కుక్కని చూస్తే తోక ఎలా పెడుతుంది? మా దగ్గర సగానికి కూడా జవాబుల్లేవు. మూడు నెలలు ఆదివారాలు వెళ్ళి మేం చూసింది మా రీల్ ఎలా వస్తోందనే.

ఐదు ఆదివారాలు వచ్చాడు. రెండోసారి నుంచి ముసలి కుక్కని కూడా తెచ్చాడు. బెల్లం మనిషి వైపు చూడకపోయినా ఆ కుక్క వైపు ముక్కు పెట్టింది. "దీపావళిలాగే న్యూ ఇయర్, సంక్రాంతి కూడా చప్పుళ్ళే. అవయ్యాక తీసుకెళ్తాను" అని జనవరి చివర్లో తీసుకెళ్ళాడు. మెడపట్టీకి ఒక తాడు, ఒంటికి కట్టిన పట్టీకి ఇంకో తాడు, రెండూ వేశాకే బండి తలుపు తీశాడు. ఇంట్లో వీధి తలుపుకీ గదికీ మధ్య ఇంకో చిన్న గేటు బిగించుకున్నాడు. ఒకటి మూశాకే ఒకటి తెరవాలి. మొదటి మూడు వారాలు చుట్టాల్ని ఇంటికి రావద్దన్నాడట.

అనుభవం అంటే ఎన్ని కుక్కల్ని పెంచామన్నది కాదని నాకు ఆయన్ని చూశాకే తెలిసింది. మా బంధువుల్లో పదేళ్ళుగా లాబ్రడార్‌ని పెంచుతున్నవాళ్ళున్నారు. బెల్లం వాళ్ళింట్లో ఒక్క వారం ఉండలేదు. తలుపుల విషయంలో క్రమశిక్షణ, కుక్క ఒళ్ళు చెప్పేది చదవగలగడం, కోపం రాకపోవడం, అవసరమైతే వెట్‌ని అడిగి మందులు వాడటానికి సిగ్గుపడకపోవడం, ఇవన్నీ ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, అది మనల్ని ఇష్టపడాలని ఆశ పెట్టుకోకపోవడం. నాలో లేనిది అదే. నేను తెచ్చుకుంది బెల్లాన్ని బాగుచెయ్యడానికి అనుకున్నాను. నన్ను క్షమించినట్టు అది ఒకసారి తోక ఊపితే చూడాలని తెచ్చుకున్నాను.

దీనికి ఎదురు వాదనలు ఉన్నాయి. క్లబ్బులోనే చాలామంది అన్నారు. ఒకటి, అలాంటి ఇళ్ళు ఎన్ని ఉంటాయి, షెల్టర్లు నిండిపోతుంటే ఇన్ని షరతులా అని. నిజమే, తక్కువే ఉంటాయి. కానీ తప్పు ఇంటికి వెళ్ళిన కుక్క ఖాళీ చేసిన గది ఐదో రోజుకి మళ్ళీ నిండుతుంది, ఇంకా భయపడ్డ కుక్కతో. అన్ని కుక్కలకీ ఈ షరతులు అక్కర్లేదు కూడా. క్యాంటీన్ దగ్గర మన చేతిలోంచి బిస్కెట్ లాక్కునే కుక్కకి మామూలు మంచి ఇల్లు చాలు. అవి త్వరగా వెళ్ళిపోతే భయస్తులకి టైము దొరుకుతుంది.

రెండోది, ఎవరికీ ఇవ్వకపోతే ఎవరికైనా అనుభవం ఎలా వస్తుందని. ఇది మంచి ప్రశ్న. ఉద్యోగాలకీ ఇదే కదా మన బాధ. జవాబు ఏంటంటే, షెల్టర్‌లోనే నేర్చుకోవచ్చు. వారానికి ఒక గంట స్టూలు వేసుకుని వెనక్కి తిరిగి కూర్చుని చదువుకోండి. సెమిస్టర్ పరీక్షలకి అంతకంటే ప్రశాంతమైన చోటు దొరకదు.

మూడోది మా మామ్మదే. వీధిలో బతికేదాన్ని వీధిలోనే ఉండనివ్వకూడదా అని. తన సందు, తన మనుషులు ఉన్న కుక్క విషయంలో మామ్మతో నేను ఒప్పుకుంటాను. 2001లో కేంద్రం నిబంధనలు తెచ్చేదాకా చాలా ఊళ్ళలో మున్సిపాలిటీ వాళ్ళు వీధికుక్కల్ని పట్టి చంపేసేవారు. హైదరాబాద్‌లో 1992లో మొదలైన బ్లూ క్రాస్, మన విశాఖలో 1996లో మొదలైన వీఎస్పీసీఏ లాంటి సంస్థలు ఆ రోజుల్లో పుట్టినవే. ఆపరేషన్ చేసి, టీకా వేసి, దాని చోట దాన్ని వదలడమనే పద్ధతి అప్పుడు గెలుచుకున్నది. 2023లో వచ్చిన కొత్త నిబంధనల్లోనూ అదే ఉంది. సందులో ధైర్యంగా తిరిగే కుక్కని ప్రేమతో ఫ్లాటులో బంధించి భయస్తురాలిని చెయ్యనక్కర్లేదు. కానీ బెల్లానికి సందు లేదు, ఎప్పుడూ లేదు. ఇప్పుడు క్యాంపస్‌ల నుంచి వెళ్తున్నవాటికి ఉన్న చోటు పోతోంది. ఇలాంటివాటి గురించే నేను మాట్లాడేది.

ఉగాదికి ముందు ఆదివారం గాజువాక వెళ్ళాను. పంతొమ్మిదో రోజున ఆయన గదిలో ఉండగానే అన్నం తిందట. ఇప్పుడు పొద్దున్నే ముసలి కుక్క వెనకాల ప్రహరీ చుట్టూ తిరుగుతోందట. "తిరుగుతోందట" అని ఎందుకంటున్నానంటే నేను చూడలేదు. నేను గేటు తియ్యగానే మంచం కిందకి పోయింది, నేను ఉన్న గంటసేపూ బయటికి రాలేదు. ఆయన నాకు టీ ఇచ్చి, "నిన్ను మర్చిపోలేదమ్మా అది" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం గానీ, బస్సులో వస్తూ ఆ మాటే తల్చుకున్నాను.

షెల్టర్‌లో బెల్లం ఉన్న గదిలోకి ఇప్పుడు ఇంకో కుక్క వచ్చింది. నల్లది, మగ. ఏదో కాలేజీ క్యాంపస్ నుంచే. అదీ గోడ వైపు తిరిగే కూర్చుంటోంది. దాని పోస్టు ఇంకా రాయలేదు. ముందు నాలుగు ఆదివారాలు ఊరికే కూర్చుని, అది ఎప్పుడు తింటుందో, దేనికి ఉలిక్కిపడుతుందో ఒక పుస్తకంలో రాసుకోవాలని అనుకున్నాం. రావాలనుకున్నవాళ్ళు రండి. ఫోన్లు బ్యాగులో పెట్టుకోవాలి, స్టూళ్ళు మా దగ్గరున్నాయి.